చంకకర్ర దిగిన సందు ఎంత వెడల్పు?

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహా

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఆరింటి సంగతి ఒకటే. నడవడానికి వీల్లేని తోవలో పడి దెబ్బ తిన్నవాళ్లు, రేపో మాపో పడతామని భయపడుతున్నవాళ్లు రాసినవి. అందుకే వాటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం.

ప్రశ్న: చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు చచ్చుబడింది. చంకకర్రతో నడుస్తాను. వయసు 38. టైలరింగు మీద నెలకి పన్నెండు వేల దాకా వస్తుంది. ఇరవై రోజుల కిందట సాయంత్రం కొట్టు కట్టేసి వస్తుంటే, కాలవ మీద వేసిన ఫుట్‌పాత్ పలక విరిగినచోట కర్ర లోపలికి దిగిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగి, ప్లేటు వేశారు. ఎన్టీఆర్ వైద్య సేవలో చేశారు కాబట్టి బిల్లు లేదు. మున్సిపల్ ఆఫీసుకెళ్లి అడిగితే "చూసుకుని నడవాలి కదండీ" అన్నారు. మూడో రోజుకల్లా అక్కడ కొత్త పలక వేసేశారు. ఇక నా దగ్గర ఆధారం లేనట్టేనా? ఎంత అడగొచ్చు?
— ఎస్., శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆధారం పోలేదు. వాళ్లు వేసిన కొత్త పలకే మీ మొదటి సాక్షి. బాగున్న పలకని ఎవరూ మార్చరు. మార్చారంటే ఎక్కడో ఒక అంచనా, ఒక వర్క్ ఆర్డరు, పనుల కొలతలు రాసే ఎం-బుక్‌లో ఒక కొలత నమోదై ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఈరోజే దరఖాస్తు పెట్టండి. "ఫలానా కొట్టు ఎదురుగా, ఫలానా నంబరు కరెంటు స్తంభం దగ్గర కాలవ పలక ఏ తేదీన మార్చారు, ఎవరి ఫిర్యాదు మీద మార్చారు, ఎం-బుక్ పేజీ నకలు, పాత పలక వేసిన కాంట్రాక్టరు పేరు, డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) ఎప్పటి వరకు" అని విడివిడిగా అడగండి. "నాకెందుకు న్యాయం చేయలేదు" అన్న ప్రశ్న మాత్రం వేయకండి. కారణం చెప్పమన్నారని, అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపేస్తారు. జవాబుకి గడువు 30 రోజులు. అంతకుముందే ఆ పలక గురించి ఎవరైనా 1100కి ఫోన్ చేసి ఉంటే, పురమిత్ర యాప్‌లోనో సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులోనో ఫిర్యాదు పెట్టి ఉంటే, ఆ నంబరు మీకు బంగారం. తెలిసీ బాగుచేయలేదని అదొక్కటే రుజువు చేస్తుంది.

ఇంతకంటే తొందరగా చూసుకోవాల్సింది ఆసుపత్రి కాగితం. ఇలాంటి కేసులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. క్యాజువాలిటీలో హడావుడిగా "సెల్ఫ్ ఫాల్" అనో "జారిపడ్డారు" అనో రాసేస్తారు. తీసుకొచ్చినవాళ్లు పోలీసుల గొడవ ఎందుకని "ఇంటి దగ్గరే పడ్డాడు" అని చెప్పడమూ ఉంటుంది. రెండేళ్ల తర్వాత కోర్టులో అవతలి వకీలు మీ ముందు పెట్టే మొదటి కాగితం అదే. మీ కేస్ షీటు నకలు తీసుకుని, పడిన చోటు, వేళ, కారణం ఏం రాశారో చదవండి. తప్పుంటే సూపరింటెండెంటుకి ఉత్తరం ఇచ్చి, మీ మాట రికార్డులో చేర్చమని అడిగి, రసీదు తీసుకోండి. ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు) నమోదై ఉంటే గాయాల ధ్రువపత్రం కూడా అడగండి. బిల్లు లేకపోవడం వల్ల మీకు నష్టం లేదు. ఆసుపత్రి ఖర్చు ఒక పద్దు మాత్రమే. పోయిన సంపాదన, నొప్పి, మనిషి సాయం, ఆటో ఛార్జీలు, ఇకముందు తగ్గే పని – ఇవన్నీ వేరే పద్దులు.

చంకకర్ర పారేయకండి, కింద రబ్బరు బుష్ మార్చకండి. అది అరిగిపోయింది కాబట్టే జారారని వాళ్లు అంటారు. బుష్ అడ్డుకొలత ఎంత, పలకల మధ్య సందు ఎంత అన్నదే ఈ కేసుకి ఆయువుపట్టు. కొత్త పలక వేసినా ఆ వరసలో మిగతా పలకలు అలాగే ఉంటాయి. వాటి మధ్య సందుల మీద టేపు పరిచి, అంకెలు కనబడేలా పైనుంచి ఫొటో తీయించండి. తర్వాత పది అడుగుల దూరం నుంచి, కొట్టు బోర్డో స్తంభం నంబరో కలిసి వచ్చేలా ఇంకొకటి. దగ్గరి ఫొటో ఒక్కటే ఉంటే అది ఏ ఊరి కాలవైనా కావచ్చు. ఫోన్‌లో అసలు ఫైళ్లు చెరపకండి. వాట్సాప్‌లో పంపిన నకలులో తీసిన తేదీ వివరాలు పోతాయి. ఎలక్ట్రానిక్ ఆధారానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి, దాన్ని మీ వకీలు తయారుచేస్తారు. చుట్టుపక్కల కొట్ల సీసీ కెమెరాల్లో కొన్ని వారాలకే పాత రికార్డు మీద కొత్తది ఎక్కిపోతుంది. ఇప్పటికే ఇరవై రోజులైంది కాబట్టి ఇవాళే వెళ్లి అడగండి. విరిగిన పలక చూసినవాళ్లు, మిమ్మల్ని లేపినవాళ్లు ఇద్దరి పేర్లు రాసిపెట్టుకోండి.

ఇక "చూసుకుని నడవాలి కదండీ" అన్న మాట. దీనికి చట్టంలో పేరుంది: బాధితుడి సొంత నిర్లక్ష్యం. పట్టపగలు అందరికీ కనబడే గోతిలో, ఫోన్ చూసుకుంటూ పడితే ఆ వాదన కొంత నిలబడుతుంది, పరిహారంలో కొంత శాతం కోస్తారు. చంకకర్రతో నడవడం మాత్రం నిర్లక్ష్యం కాదు. కర్రలు, వీల్‌చైర్లు, తెల్ల కర్రలు వీధిలో తిరుగుతాయని తోవ వేసేవాడు ముందే ఊహించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ ఊహని చట్టపరమైన బాధ్యతగా మార్చింది. 2025 మేలో రాజశేఖరన్ కేసులో సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ వాడుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద హక్కని, అవి దివ్యాంగులకూ అనువుగా ఉండాలని చెప్పింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. చాలామంది 2016 చట్టం కిందే డబ్బు వస్తుందనుకుంటారు. రాదు. 89వ సెక్షన్‌లో మొదటి తప్పుకి పదివేల దాకా, మళ్లీ చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. కానీ అది మీ చేతికొచ్చే సొమ్ము కాదు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనరు సిఫార్సు చేస్తారు, మూడు నెలల్లో ఏం చేశారో ఆ శాఖ చెప్పాలి. దాంతో తోవ బాగుపడొచ్చు. పరిహారానికి మాత్రం నిర్లక్ష్యం కింద సివిల్ దావా, లేదా శాశ్వత లోక్ అదాలత్, లేదా హైకోర్టు రిట్. 2016 చట్టం ఈ మూడు చోట్లా మీ చేతిలో ఆయుధమే, తలుపు మాత్రం కాదు.

మీ విషయంలో ముందు శాశ్వత లోక్ అదాలత్ ప్రయత్నించమంటాం. అక్కడ కోర్టు ఫీజు లేదు, కోటి రూపాయల దాకా విచారించే అధికారం ఉంది. రాజీ కుదరకపోతే మామూలు లోక్ అదాలత్‌లా చేతులెత్తేయక తీర్పు కూడా ఇస్తుంది. ప్రజోపయోగ సేవల జాబితాలో పారిశుధ్యం ఉంది. మురుగు కాలవ మూత ఆ సేవలో భాగమని అర్జీలో మొదటి పేరాలోనే రాయాలి. "ఇది రోడ్డు విషయం, మా పరిధి కాదు" అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. ముందే సివిల్ కోర్టులో దావా వేసేస్తే మాత్రం ఈ దారి మూసుకుపోతుంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. దివ్యాంగులకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, ఫోన్ 15100. హైకోర్టు రిట్ వేగంగా తేలేది విషయాల్లో తగాదా లేనప్పుడే. "అక్కడ పడనేలేదు" అని అవతలివాళ్లు అంటే సివిల్ కోర్టుకే పొమ్మంటారు.

ఎంత అడగాలి? మోటారు ప్రమాదాల కేసుల్లో స్థిరపడిన లెక్కనే ఇక్కడా కొలబద్దగా వాడతారు. మీ ఏడాది సంపాదన 1,44,000. నలభై లోపు సొంత పని చేసుకునేవారికి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 2,01,600. మీ వయసుకి గుణకం, అంటే ఏడాది లెక్కని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకె, 15. డాక్టరు మణికట్టు చూసి పది శాతం వైకల్యం అని రాస్తే లెక్క 3,02,400 దగ్గర ఆగిపోతుంది. కానీ రెండు కాళ్లూ బాగున్న మనిషికి మణికట్టు బిగుసుకుపోవడం వేరు, మీకు బిగుసుకుపోవడం వేరు. మీకు ఆ చేయి కత్తెరా, కాలూ రెండూ. సంపాదన ఎంత తగ్గిందో చూడాలి తప్ప అవయవం శాతం కాదని 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పనికి సంబంధించిన నష్టం 30 శాతమని నిలబెట్టగలిగితే అదే లెక్క 9,07,200 అవుతుంది. ఒక్క అంకె తేడాకి ఆరు లక్షలు. అందుకే డాక్టరుకి మీ పనేమిటో, కర్ర ఏ చేత్తో పట్టుకుంటారో చెప్పి రాయించుకోండి, తర్వాత ఆయన్నే సాక్షిగా పిలిపించండి. కూర్చున్న నెలల జీతం, నొప్పి, మనిషి సాయం దీనికి అదనం. సంపాదనకి రుజువు మీ కొలతల పుస్తకం, ఫోన్‌పే స్టేట్‌మెంటు చాలు. దెబ్బకి ముందు ఆరు నెలలవి, తర్వాతవి పక్కపక్కన పెట్టండి.

గడువు మర్చిపోవద్దు. మామూలుగా మూడేళ్లనే మాట వినబడుతుంది కానీ దాన్ని నమ్ముకోవద్దు. చట్టం కింద చేసిన, చేయక వదిలేసిన పనికి పరిహారం అడిగితే లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ ప్రకారం ఏడాదేనని వాదిస్తారు. కార్పొరేషన్ చట్టంలో ముందస్తు నోటీసు షరతు, ఇంకా చిన్న గడువు ఉన్నాయి. అంచేత ఈ నెలలోనే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, పడిన రోజు నుంచి ఆరు నెలల్లోపు కేసు వేసేయండి. ఆ రోడ్డు రోడ్లు భవనాల శాఖదైతే ప్రభుత్వానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు వేరే ఇవ్వాలి. రోడ్డు ఒకరిది, పక్క కాలవ ఇంకొకరిది కావడం మన పట్టణాల్లో మామూలే. ఎవరిదో తేలేదాకా ఆగకుండా ఇద్దరికీ పంపండి. ఒకరినొకరు వేలెత్తి చూపించుకుంటే మీకే మంచిది.

ప్రశ్న: నాకు చూపు లేదు, తెల్ల కర్రతో తిరుగుతాను. మంచినీటి పైపుల కోసం మా వీధి పక్కన కందకం తవ్వారు. అందులో పడి మోకాలు చీలింది, ముందు పన్ను విరిగింది. కాంట్రాక్టరు మనిషి "రిబ్బను కట్టాం కదా" అంటున్నాడు. తెల్లకాగితం మీద సంతకం పెడితే పదివేలు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?
— ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మందులకి డబ్బు అవసరమైతే తీసుకోండి. "వైద్య ఖర్చుల నిమిత్తం ముందస్తుగా ముట్టింది, నా హక్కులకు భంగం లేదు" అని మీరే రాయించి, నమ్మకస్తుడితో బయటికి చదివించుకుని, అప్పుడు రసీదు ఇవ్వండి. "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అన్న వాక్యం ఎక్కడున్నా వద్దనండి.

రిబ్బను కళ్లున్నవాళ్లకి. నడుమెత్తున కట్టిన ఎరుపు తెలుపు రిబ్బను కింద నుంచి తెల్ల కర్ర హాయిగా వెళ్లిపోతుంది, కర్ర వెనకాలే మనిషి. కర్ర మొన తగిలేలా నేలకి దగ్గరగా ఒక గట్టి అడ్డ కర్ర, దానిపైన చేతికందే ఎత్తున ఇంకొకటి, తోస్తే పడిపోని స్తంభాలు – అలా ఉంటేనే అది కంచె.

సరిగ్గా ఇలాంటి కేసే 1964లో ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. లండన్‌లో విద్యుత్ బోర్డు పనివాళ్లు పేవ్‌మెంటు తవ్వి, కందకం ముందు పొడవాటి సుత్తి ఒకటి ఏటవాలుగా ఆనించి వెళ్లారు. కళ్లున్నవాళ్లకి ఆ హెచ్చరిక సరిపోయేది. హేలీ అనే అంధుడి కర్రకి మాత్రం అది తగల్లేదు. సుత్తికి కాలు తట్టుకుని పడ్డాడు, వినికిడి పోయింది. అంధులు వీధుల్లో ఒంటరిగా నడవడం వింతేమీ కాదు, వాళ్లని దృష్టిలో పెట్టుకునే రక్షణ కట్టాలని లార్డ్స్ తేల్చారు. ఆ తీర్పు మన కోర్టులకి శాసనం కాదు. కానీ నిర్లక్ష్యం కేసుల్లో మన వకీళ్లు దాన్ని చూపిస్తారు, మీ సంగతికి అది అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. తవ్విన చోట కంచె కట్టాలని, రాత్రి దీపం పెట్టాలని మన మున్సిపల్ చట్టాల్లోనూ ఉంది.

పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. పన్ను విరగడం చిన్న దెబ్బ అని స్టేషన్‌లో అనొచ్చు. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గానీ పన్ను గానీ విరిగితే అది తీవ్ర గాయమే. నిర్లక్ష్యంగా ప్రాణానికి ముప్పు తెచ్చి తీవ్ర గాయం చేస్తే 125(బి). దంత వైద్యుడి కాగితంలో "విరిగింది" అని ఉండాలి, "కదిలింది" అని కాదు. ఎఫ్ఐఆర్ వల్ల డబ్బు రాదు కానీ, ఏ రోజు ఎక్కడ ఏం జరిగిందో ప్రభుత్వ రికార్డులో స్థిరపడుతుంది.

"పని కాంట్రాక్టరుకి ఇచ్చేశాం, మాకేం సంబంధం" అని ఇంజనీరింగ్ విభాగం అంటే ఒప్పుకోకండి. వీధి తమ అధీనంలో ఉన్నవాళ్లకి భద్రత చూసే బాధ్యత కాంట్రాక్టు కాగితంతో తీరిపోదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గంటస్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో, రోడ్డు పక్క కట్టడాన్ని చూసుకునే బాధ్యత కార్పొరేషన్‌దేనని, లోపం తమకు తెలియదన్న మాట చెల్లదని సుప్రీంకోర్టు 1966లోనే చెప్పింది. విజయనగరం వాళ్లకి గంటస్తంభం అంటే వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఈ కేసు గుర్తుండిపోతుంది. నోటీసు కాంట్రాక్టరుకి, పని అప్పగించిన శాఖకి, వీధి ఎవరిదైతే వాళ్లకి, ముగ్గురికీ వెళ్లాలి.

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వచ్చి తగ్గింది, చేతికర్రతో మెల్లగా నడుస్తారు. సదరం సర్టిఫికెట్ లేదు. రోడ్డు పక్క మ్యాన్‌హోలు మూత ఊగి పడిపోయారు. సర్టిఫికెట్ లేకుండా అడగడానికి లేదంటున్నారు. నిజమేనా?
— కె., బొబ్బిలి

జవాబు: కాదు. మ్యాన్‌హోలు మూత సరిగా ఉండటం అందరి హక్కు, నిర్లక్ష్యం కేసుకి సదరం అక్కర్లేదు. పింఛనుకి, రిజర్వేషనుకి కావాల్సిన 40 శాతం ఇక్కడి లెక్క కాదు. పక్షవాతం నాటి డిశ్చార్జి సమ్మరీ దాచండి. "ముందే నడవలేని మనిషి" అని వాళ్లంటే, మెల్లగా నడిచే మనిషికీ తోవ ఉండాలి కదా అన్నదే మీ జవాబు. ఉచిత వకీలు కోసం అయితే సర్టిఫికెట్ ఉంటే పని సులువు, స్లాటుకి ఇప్పుడే పెట్టుకోండి. దాని కోసం నోటీసు మాత్రం ఆపకండి.

ప్రశ్న: మా అక్క వీల్‌చైర్‌లో ఉంటుంది. పింఛను పని మీద ఒక ఆఫీసుకి తీసుకెళ్తే, ర్యాంపు ఎక్కిస్తుండగా కుర్చీ వెనక్కి తిరగబడింది. తల వెనక రెండు కుట్లు పడ్డాయి. ర్యాంపు ఉంది కదా, ఇంకేం చేస్తామని అక్కడివాళ్ల మాట. ర్యాంపు ఉన్నా కేసు అవుతుందా?
— పి., నెల్లిమర్ల

జవాబు: ఆ ర్యాంపుని కొలిచి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మెట్ల మీద అరుగు ఎత్తు ఎంతో, ర్యాంపు నేల మీద ఆక్రమించిన పొడవు ఎంతో టేపుతో తీయండి. పొడవుని ఎత్తుతో భాగించండి. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ రావాలి. మనవైపు ఆఫీసుల్లో అరుగు సాధారణంగా నాలుగు మెట్లు, అంటే 60 సెంటీమీటర్లు. దానికి 7.2 మీటర్ల ర్యాంపు కావాలి. తీరా చూస్తే మెట్ల పక్కన మిగిలిన 2.4 మీటర్ల జాగాలో సిమెంటు పోసేసి ఉంటారు. అది ఒకటికి నాలుగు. వాలు 14 డిగ్రీలు దాటుతుంది, ఉండాల్సింది ఐదు డిగ్రీల లోపు. అంత నిటారు వాలు మీద బరువు వెనక చక్రాల ఇరుసు వైపు జరిగిపోతుంది, ముందు చిన్న చక్రాలు తేలిగ్గా లేస్తాయి, కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం బాగా పెరుగుతుంది. తనిఖీకి వస్తారని కట్టిన ర్యాంపులివి. ఇలాంటి దాని కంటే అసలు లేకపోవడమే నయం, కనీసం మనిషిని ఎత్తి తీసుకెళ్తారు.

టేపు లేకపోతే ఫోన్‌లో కోణం చూపే యాప్ తెరిచి, రెండు మీటర్ల సూటి బద్ద వాలు మీద పెట్టి, దానిపై ఫోన్ ఉంచి ఫొటో తీయండి. మేస్త్రీ దగ్గర మట్టం గొట్టం ఉంటే ఇంకా నయం. మిగతావి కూడా రాసుకోండి: వెడల్పు కనీసం 1.2 మీటర్లు, రెండు వైపులా పట్టుకునే కమ్మీలు, చక్రం పక్కకి దిగిపోకుండా అంచు గట్టు, పైనా కిందా కుర్చీ తిప్పుకునేందుకు మీటరున్నర చదును. పైన చదును లేకుండా వాలు నేరుగా తలుపు దగ్గర ఆగిపోతే, తలుపు తీయడానికి తోసేవాడు ఒక చెయ్యి వదలాల్సిందే. చాలా కుర్చీలు జారేది అక్కడే. నునుపు గ్రానైటు పరిచి ఉంటే వాన రోజున ఫొటో తీయండి.

ఈ కొలతలు కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2021లో ఇచ్చిన ప్రమాణాల్లో ఉన్నాయి. "అవి మార్గదర్శకాలే, తప్పనిసరి కావు" అని జవాబు వస్తుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది సరిగ్గా దీన్నే. ప్రమాణాలని సిఫార్సులుగా వదిలేసిన 15(1) నిబంధన 2016 దివ్యాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమంది, తప్పనిసరి నిబంధనలు రాయమంది. పైగా పాత ప్రభుత్వ భవనాలని మార్చడానికి అదే చట్టం 45వ సెక్షన్ ఇచ్చిన ఐదేళ్లు 2022 జూన్‌తోనే ముగిశాయి. కొత్త భవనమైతే 44వ సెక్షన్ ప్రకారం ఈ ఏర్పాట్లు లేనిదే ప్లానుకి అనుమతే ఇవ్వకూడదు. ఆ ప్లాను నకలు, ర్యాంపు బిల్లు సమాచార హక్కు కింద తెప్పించండి. బిల్లులో పొడవు ఏడు మీటర్లని ఉండి, నేల మీద రెండున్నరే ఉంటే కథ వేరే మలుపు తిరుగుతుంది.

రెండు కుట్ల దెబ్బకి పెద్ద పరిహారం రాదు, అది ముందే తెలుసుకోండి. మీ దరఖాస్తులో మొదటి కోరిక ర్యాంపు మార్చడం, రెండోది ఖర్చులు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకి కొలతల పట్టికతో, నాలుగు ఫొటోలతో అర్జీ పెట్టండి, నకలు జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ కార్యాలయానికి ఇవ్వండి. కమిషనరుకి సమన్లు పంపి, కాగితాలు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. జాగా చాలదని వాళ్లంటే, మూడు మీటర్ల అరవై సెంటీమీటర్ల వాలు రెండు వరసలు, మధ్యలో మీటరున్నర చదును, అక్కడ వెనక్కి తిరగడం అని మీరే గీసి ఇవ్వండి. గీసి ఇచ్చిన అర్జీని పక్కన పడేయడం కష్టం.

ప్రశ్న: రైల్వే ప్లాట్‌ఫామ్ మీద విరిగిన టైలుకి కృత్రిమ కాలు తట్టుకుని పడ్డాను. టికెట్ ఉంది. రైల్వే ట్రిబ్యునల్‌లో ఎనిమిది లక్షల దాకా వస్తుందని ఒకాయన అన్నారు.
— ఆర్., ఆమదాలవలస మండలం

జవాబు: ఆ లెక్క రైల్లోంచి పడినవాళ్లకి, రైల్వే చట్టం 124-ఎ కింద. ప్లాట్‌ఫామ్ మీద తట్టుకుని పడటం దానికిందికి రాదు. అక్కడ వేస్తే రెండేళ్లు తిరిగి పరిధి లేదనిపించుకుంటారు, ఈలోగా అసలు గడువు దాటిపోతుంది. మీరు టికెట్ కొన్నారు కాబట్టి వినియోగదారులు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవా లోపం కింద రెండేళ్లలోపు వేయండి. టికెట్ ధర తక్కువ కాబట్టి ఫీజూ లేదు. ఆ రోజే స్టేషన్ మాస్టరుకి రాసి ఇచ్చి ఉంటే మంచిది, లేకపోతే రైల్ మదద్ ఫిర్యాదు నంబరైనా ఉండాలి. సౌకర్యం గురించి ఫిర్యాదు మాత్రం ఢిల్లీలోని దివ్యాంగుల చీఫ్ కమిషనరుకి వెళ్లాలి. రైల్వే కేంద్రానిది, రాష్ట్ర కమిషనరు పరిధి కాదు. కృత్రిమ కాలు సాకెట్టు పగిలితే దాని ఖరీదు, కొత్తది వచ్చేదాకా పోయిన కూలి అడగడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మా వీధిలో ఫుట్‌పాత్ మీద తోపుడు బళ్లు, బైకులు. మా తమ్ముడు మూడు చక్రాల బండి మీద రోడ్డెక్కాల్సి వస్తోంది. ఇంకా దెబ్బ తగల్లేదు, తగిలేదాకా ఆగాలా?
— ఎం., పలాస

జవాబు: ఆగక్కర్లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవోకి అర్జీ పెట్టండి. దారిలో అడ్డంకి తీయించడానికి, దారి పక్క గొయ్యికి కంచె కట్టించడానికి ఆయన ఉత్తర్వు ఇవ్వగలరు. నిధుల్లేవని మున్సిపాలిటీ తప్పించుకోలేదని 1980లో రత్లాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసూ పాత చట్టంలో ఇదే అధికారం మీద, మురుగు కాలవల గురించి వచ్చిందే. అర్జీలో రోడ్డు పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఎన్ని మీటర్లు, బండి వెడల్పు ఎంత, మిగిలిన తోవ ఎంత అని రాయండి. ఫుట్‌పాత్‌లో అడ్డు లేని జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు, దిగేచోట ర్యాంపు ఉండాలి. బైకులు లోపలికి రాకుండా స్తంభాలు పాతమని అడిగితే, వాటి మధ్య ఒక్క చోటైనా 1.2 మీటర్ల సందు వదలమని కూడా రాయండి. లేకపోతే బైకులతో పాటు మీ తమ్ముడి బండీ బయటే ఆగిపోతుంది.

తోపుడు బళ్లవాళ్ల మీద మాత్రం పడకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకీ హక్కులున్నాయి, సర్వే చేయకుండా, వేరే చోటు చూపించకుండా తరిమేయడానికి లేదు. టౌన్ వెండింగ్ కమిటీ జోన్లు గుర్తించి బళ్లని ఆ పక్కకి మార్చమనడమే అర్జీలో సరైన కోరిక. ఈలోగా బండి మీద రోడ్డెక్కినప్పుడు ఏ వాహనమైనా గుద్దితే, అది మోటారు వాహనాల ట్రిబ్యునల్ కేసు. 2022 ఏప్రిల్ నుంచి అక్కడ గడువు ఆరు నెలలే. గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకంలో తీవ్ర గాయానికి యాభై వేలు, ప్రాణం పోతే రెండు లక్షలు. దానికి దరఖాస్తు తహసీల్దారు ఆఫీసుకో ఆర్డీవో ఆఫీసుకో ఇవ్వాలి, ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితం, బ్యాంకు పాసుబుక్కు నకలు జతచేసి.